రెండు కార్డులు, ఒక పిడికెడు మట్టి

జీవరాజ్ మంచివాడని నేను చెప్పను. బీదర్‌లో మా కాలేజీలో పదకొండేళ్లు కాంట్రాక్టు మీద కంప్యూటర్లు చూశాడు. అక్కడే లైబ్రరీ చూసేదాన్ని కాబట్టి అతని తెలివినీ పిసినారితనాన్నీ దగ్గర నుంచి చూశాను. డబ్బు విషయంలో కాదు, పని నేర్పే విషయంలో పిసినారి.

మా సర్వర్ లినక్స్ మీద నడుస్తుంది. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకటి బయటి ఇంటర్నెట్‌కు, ఇంకొకటి లోపలి పరీక్షల ల్యాబుకు. ఏ కార్డుకు ఏ అడ్రసో, బయటికి దారి ఏ కార్డు మీదుగానో చెబితేనే అది పని చేస్తుంది. ఆ సంగతులు ఒక ఫైలులో రాసి పెడితే ఎన్నిసార్లు ఆపినా మళ్లీ తనంతట తానే అందుకుంటుంది. జీవరాజ్ రాయలేదు. కావాలనే రాయలేదు. ప్రతిసారీ చేత్తో కొట్టేవాడు, కరెంటు పోతే అంతా చెరిగిపోయేది. అప్పుడు ప్రిన్సిపాల్ నుంచి అటెండరు దాకా అందరూ అతని కోసం పరుగులు. ఏటా జూన్‌లో కాంట్రాక్టు తిరగరాసింది ఆ భయంతోనే. ఒకసారి నేను అడిగితే దాచకుండా చెప్పాడు.

“ఫైలుల రాసిన్ననుకో, ఎల్లుండే నన్ను ఇంటికి తోలుతరు అక్కా.”

మార్చిలో అతని తండ్రి ఏసురాజు పోయాడు. వాళ్ల ఊరు ధన్నూరలో సమాధి చేసే రోజే ఇక్కడ ఆన్‌లైన్ పరీక్ష. సెలవు అడిగితే, పరీక్ష అయ్యాక పాతిపెట్టుకోకూడదా అన్నాడు మా ఆఫీసు పెద్ద వీరేశ్, కన్నడలో, తల ఎత్తకుండా. జీవరాజ్ పొద్దున్నే వచ్చి రెండు కార్డులూ సరిచూసి బస్సెక్కాడు.

మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. సర్వర్ లేచింది, ల్యాబు లేవలేదు. తొంభై మంది పిల్లలు తెల్ల తెరల ముందు కూర్చున్నారు. వీరేశ్, క్లర్కు ప్రేమలను సర్వర్ ముందు కూర్చోబెట్టి, జీవరాజ్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టించాడు. అవతల సమాధి దగ్గర పాట వినిపిస్తోంది. కొడుకు మొదటి పిడికెడు మట్టి వేస్తేగాని మిగతావాళ్లు వేయరు. పాస్టరు గారు ఆగి ఉన్నారు. ఒక చేతిలో మట్టి, ఒక చేతిలో ఫోన్‌తో జీవరాజ్ ఒక్కో అక్షరం చెప్పాడు. ప్రేమల రెండుసార్లు తప్పు కొట్టింది. పాట అయిపోయింది, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఫోన్ పెట్టెయ్యమని తల్లి ఎస్తర్ ఏడుస్తూ బతిమాలడం మా అందరికీ వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ నేనూ నోరు విప్పలేదు.

ల్యాబు లేచింది. మళ్లీ కరెంటు పోతే పిలుస్తాం, ఫోన్ చేతిలోనే ఉంచుకో అన్నాడు వీరేశ్.

“ప్రేమలమ్మా, ఫైలు పేరు చెప్తున్న. రెండు కార్డులవి అండ్ల రాసెయ్. ఇగ నాకు ఫోన్ చెయ్యొద్దు. మా నాయినకు మట్టేస్త.”

ఇంకో పది నిమిషాలు చెప్పి రాయించాడు.

పరీక్ష అవగానే వేసవి సెలవులకు ల్యాబు మూసేశారు, అతన్ని పిలిచే పని పడలేదు. జూన్ వచ్చింది, కాంట్రాక్టు కాగితం రాలేదు. జీవరాజ్ భయపడలేదు. నేరుగా వీరేశ్ దగ్గరికి వెళ్లి, సర్వర్ ఒక్కసారి ఆపి చూడండి సార్, నేను లేకుండా ఎలా నడుస్తుందో అన్నాడు. వీరేశ్ నవ్వి ప్రేమలకు సైగ చేశాడు. ఆమె ఆపింది, మళ్లీ వేసింది. మూడు నిమిషాలకు ల్యాబులో అన్ని తెరల మీదా కాలేజీ పేజీ తెరుచుకుంది.

జీవరాజ్ కీబోర్డు లాక్కుని ఆ ఫైలు తెరిచాడు. అన్నీ అతని అంకెలే. చాలాసేపు చూశాడు.

“ఇది ఎప్పుడు రాసినవమ్మా?”

ప్రేమల అతని మొహం చూడలేక తల దించుకుంది.

“నువ్వే రాయించినవ్ గదన్నా. మీ నాయినకు మట్టేసే రోజు.”