పాప గొంతులో అవ్వ

నేను గుడియాత్తం బడికి పోవడం మొదలుపెట్టిన ఏడు ఆ పాప మూడో తరగతిలో ఉండేది. మాట అర్థం చేసుకోలేక వెనకబడిన పిల్లలకు సాయం చెయ్యడం నా పని. తొరపాడి నుంచి వేలూరు వచ్చి బస్సు మారి, గుడియాత్తంలో దిగి షేర్ ఆటో ఎక్కేదాన్ని.

ఆ పాపను ఏమడిగినా అడిగిన మాటనే తిరిగి అప్పజెప్పేది. "పేరేంది?" అంటే "పేరేంది?" అనేది. అరవంలో అడిగితే అరవంలో, తెలుగులో అడిగితే తెలుగులో. క్లాసు టీచరు అది మొండితనం అనుకునింది.

ఒక మధ్యాహ్నం పాప నా ఎదురుగా కూర్చుని, మూలన ఉన్న నీళ్లకుండ వైపు చూస్తా, ఉన్నట్టుండి ముసలి గొంతుతో అనింది: "నీళ్లు తాగతావా నా తల్లీ? గొంతు ఎండిపోయి ఉండాది." మధ్యలో ఆయాసం, చివర పొడి దగ్గు. ఎవరో వచ్చి నా వెనక నిలబడినారనుకుని తిరిగి చూసినాను. ఎవరూ లేరు.

సాయంత్రం బిడ్డ కోసం వచ్చిన వాళ్లమ్మకు ఈ సంగతి చెప్పినాను. ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"అది మా అత్త గొంతు టీచరమ్మా. పోయిన ఆడి నెలలో కాలం చేసింది. నేను బీడీలు చుడతా ఉంటే వెనక నుంచి ఆమె మాట వినపడతాది. తిరిగి చూస్తే బిడ్డ. మా ఇంటాయన తాయెత్తు కట్టించాలంటా ఉండాడు."

"పాపను ఎత్తుకుని సాకింది ఆమేనా?"

"ఆమే. నాకు బీడీలు, ఆయనకు మగ్గం. పొద్దస్తమానం బిడ్డతో మాట్లాడింది ఆమె ఒక్కతే."

అప్పుడు నాకు అర్థమైంది. కొందరు పిల్లలు మాటలను విడివిడిగా పట్టుకోరు. వాక్యాన్ని గొంతుతో, దగ్గుతో సహా మొత్తంగా దాచుకుంటారు. అవ్వ నీళ్లిచ్చినప్పుడల్లా ఆ మాట అనేది కాబట్టి, పాపకు నీళ్ల పేరే ఆ మాట.

"బిడ్డ మీదికి ఎవరూ రాలేదమ్మా. దాహమైంది, అంతే," అన్నాను. ఆమె సగమే నమ్మింది. చెప్పినదాన్ని నేనే అయినా, ఆ దగ్గు వినపడినప్పుడల్లా నా వీపు చల్లబడేది.

నేనూ వాళ్లమ్మా కూర్చుని అవ్వ మాటలు ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాము. పాప "యాడికి పోతావు, ఇట్లా రా" అనిందంటే దానికి భయమేసిందని అర్థం. "కాళ్లు నొస్తా ఉండాయా?" అనిందంటే అలిసిపోయిందని. పాప అవ్వ మాదిరి నీళ్ల మాట ఎత్తినప్పుడు, గ్లాసు చూపించి "నీళ్లు" అని ఒక్క మాటే చెప్పి ఊరకుండమని వాళ్లమ్మకు చెప్పినాను. ముందు తెలుగులో, అది కుదిరినాక అరవంలో. క్లాసు టీచరును కూడా చిన్న మాటలతో అడిగి, వస్తువు చూపించి, జవాబు కోసం కాచుకోమన్నాను. ఆమెకు అదే కష్టమైంది, కానీ చేసింది.

చానా నెలలకు, ఒక రోజు పాప గ్లాసు పట్టుకుని "నీళ్లు" అనింది. సన్నగా, కొంచెం బొంగురుగా. అది ఎవరి గొంతో ఒక్క క్షణం నాకు తెలియలేదు. దాని గొంతు అదే. అంతవరకు నేను వినలేదు.

ఆ తర్వాత అవ్వ మాటలు ఒకటొకటే రాలిపోయినాయి. దండ వేసిన ఫోటో చూపించి వాళ్లమ్మ "అవ్వ యాడ?" అని అడిగితే, పాప ఫోటోను తడిమి "అవ్వ లేదు" అనిందంట. అది చెప్తా వాళ్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకునింది.

కొన్నాళ్లకు వాళ్ల నాయన బిడ్డను తీసుకపోను బడికి వచ్చినాడు. తాయెత్తు కట్టించాలన్న మనిషి. అంతా పోయిందాకా కాచుకుని, నా దగ్గరికి వచ్చి అడిగినాడు.

"టీచరమ్మా, ఒక్కసారి పాప చేత మా అమ్మ మాదిరి మాట్లాడించగలరా?"

నేను సర్దుతా ఉండే పుస్తకాలు పక్కన పెట్టి ఆయన వైపు తిరిగినాను.

"అప్పుడు భయపడినాను. ఇప్పుడు మగ్గం ఆపినప్పుడల్లా చెవి ఇంట్లోకే పోతాది. ఏమీ వినపడదు."

"నా చేత కాదప్పా," అన్నాను. "తిరిగి ఆ మాటలే నేర్పితే, బిడ్డకు ఇప్పుడిప్పుడే వస్తా ఉండే సొంత మాట పోతాది."

ఆయన తల ఊపినాడు. కదల్లేదు. నేను కూడా, నాకు తెలియకుండానే, ఆ దగ్గు కోసం చెవి ఒగ్గి నిలబడినాను.

పాప వచ్చి ఆయన చెయ్యి పట్టి లాగింది.

"నాయనా, ఆకలి," అనింది.