ఏడు గంటల పడవ

ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో, ఆ ఆఫీసులో నెనీతా కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. కాలు ఆడుతూనే ఉంటుంది, దవడన ఎండుమామిడి ముక్క నలుగుతూనే ఉంటుంది. పడవల టికెట్ల వెబ్‌సైటుకి ఆమె ఒకే ఒక కార్డు, అంటే తెరమీద పడవ వివరాలు చూపే చిన్న చట్రం, తయారుచేసింది. ఏ పేజీ అయినా దాన్నే వాడుకుని పడవ పేరూ, బయల్దేరే వేళా దానికి అందించాలి. అందించకపోతే బోసిగా కనబడుతుందని, పరీక్ష కోసం రాసుకున్న "ఉదయం 7:00"ని, వేళ అందనప్పుడు అదే కనబడేలా అందులోనే ఉంచేసింది.

సోమవారం ఆమె కింద పనిచేసే కుర్రాడు రోడెల్ రాసిన కొత్త పేజీ వేళను అందించడం మరిచింది. ఆరు పడవలూ ఏడింటికే అని చూపించింది. కార్డులు నిండుగా ఉన్నాయి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. మర్నాడు పొద్దున్నే రేవు నుంచి ఒక ముసలామె ఫోన్ చేసింది. "ఏడింటికన్నారు కదమ్మా, అయిదున్నరకే వెళ్లిపోయిందట. అవతలి దీవిలో తొమ్మిదింటికి మా చెల్లెల్ని పూడ్చేస్తారు."

రోడెల్ పేజీని సరిచేసి తల వంచుకున్నాడు. "తప్పు నాదే అక్కా, వేళ పంపలేదు."

"నువ్వు పంపలేదు. పంపినట్టు నటించింది నా కార్డు." నెనీతా కాలు ఆగిపోయింది. కార్డులోంచి ఆ ఏడు గంటలను చెరిపేసింది.

"మళ్లీ ఎవరైనా మరిచిపోతే? ఖాళీ గడి చూసి జనం తిడతారక్కా!"

"తిట్టనీరా. తిట్టడానికైనా ముందురోజే ఫోన్ చేస్తారు."