ఎడమకే తిరిగే మా మంచు హాకీ టీం

మా యూనివర్సిటీల నాకు దక్కిన అతిపెద్ద పదవి నా చదువును చూసి రాలే, నా స్వెటర్‌ను చూసి వచ్చింది.

కరీంనగర్ల స్వెటర్ ఉన్న మనిషంటే పెరట్ల ఏనుగును కట్టేసుకున్న మనిషితో సమానం. ఎన్నడో ఒకసారి కేదార్‌నాథ్ యాత్రకు పోతూ కొన్న. వాపస్ వచ్చినంక అది బీరువాల కలరా ఉండల నడుమ మహారాణి తీరు పండుకున్నది. ఆ ముచ్చట స్టాఫ్ రూంల గొప్పగ చెప్పుకున్న పాపానికి ఒకనాడు వీసీ గారు పిలిపిచ్చిండు.

"మేడం, మీరు తెలుగు పాఠాలు చెప్తరు గదా. ఇగ ఆడపిల్లల ఐస్ హాకీ టీంకు మేనేజర్ గూడ మీరే."

"సార్, నాకు ఐస్ అంటే బండి మీద అమ్మే గోలా ఒక్కటే తెలుసు."

"మిగిలినోళ్లకు గంత గూడ తెల్వది. పైగా పోవాల్సింది చలి జాగకు. స్వెటర్ ఎవరి దగ్గరున్నది?"

ఆయన బాధ నాకు అర్థమైంది. పక్క యూనివర్సిటీ అన్ని ఆటలకు టీంలు పంపి పేపర్లకెక్కింది, ఐస్ హాకీకి తప్ప. ఆ మిగిలిన ఒక్క సందుల నుంచి మా వీసీ చరిత్రలకు దూరుదామని చూస్తుండు. చరిత్రకేమో గాని, మా దగ్గర మంచుకు పుట్టగతుల్లేవు. ఎండకాలం మా ఇంట్ల ఫ్రిజ్ తలుపు తీస్తే లోపలి మంచే బయటికి తొంగి చూసి "జర మంచినీళ్లియ్యుండ్రి" అని అడుగుతది.

అయినా హాస్టల్ నోటీసు బోర్డు చూసి పిల్లలు వచ్చిండ్రు. కొందరు ట్రాక్ సూట్ కోసం వచ్చిండ్రు, కొందరు పొద్దటి క్లాసు తప్పుతదని వచ్చిండ్రు. ఒక్క పిల్ల మాత్రం ఆట కోసమే వచ్చింది. సిరిసిల్ల దిక్కు నేతోళ్ల బిడ్డ. పుట్టినప్పటి సంది ఇంట్ల బట్ట నేసే సాంచాల చప్పుడే. మొదటిసారి చక్రాల బూట్లు కట్టుకొని బాస్కెట్‌బాల్ కోర్టుల గజం దూరం జారి, బోర్లపడి, మొకం ఎత్తి నవ్వింది. "మేడం, జారుతున్నప్పుడు చెవులల్ల గాలి ఒక్కటే ఇనొచ్చింది. సాంచాల మోత బందైంది." ఆనాడే మా ఆటల సారు, పీడీ సారు, ఆమెను కెప్టెన్ చేసిండు.

పీడీ సారు అసలు కబడ్డీ మనిషి. మంచు హాకీని ఫోన్ల చూసి నేర్చుకున్నడు, అది గూడ నెట్ సరిగ్గ లేక సగమే చూసిండు. బంతికి బదులు కొట్టే రబ్బరు బిళ్ల దొరకకపోతే లారీ టైరు కోసి చేపిచ్చిండు. గోల్ కీపర్‌గా నస్పూర్ పిల్లను నిలబెట్టిండు. ఆమె బాపు బొగ్గుబాయిల పని చేస్తడు, ఆమె బాపు హెల్మెట్టే పెట్టుకొని వచ్చింది. దానికి లైటు గూడ ఉన్నది. తెల్లారక ముందు మబ్బుల చేసే ప్రాక్టీసుకు మాకు కరెంటు ఖర్చు లేకుంట పోయింది.

అయితే పిల్లలు నిటారుగా జారుడు మొదలువెట్టంగనే చింతచెట్టు దులిపినట్టు రాలిపోతుండ్రు. హాస్టల్ల అయోడెక్స్ వాసనకు దోమలు జిల్లా దాటిపోయినయి. పీడీ సారు తల పట్టుకొని కూసున్నడు.

అప్పుడు కెప్టెన్‌కు ఒక ఉపాయం తట్టింది. నడుమ నస్పూర్ పిల్ల బాపు హెల్మెట్ పెట్టిచ్చి, చుట్టూ అందరిని నిలబెట్టింది. "బతుకమ్మ ఆడుదాం పట్టుండ్రి. చప్పట్లు తప్పద్దు, పాట ఆగద్దు" అన్నది.

ఇగ చూడుండ్రి! చిన్నప్పటి సంది అవ్వల వెంట తిరిగిన కాళ్లు గదా, చక్రాలున్న సంగతే మరిచిపోయినయి. ఉయ్యాల పాట అందుకున్నంక ఒక్క పిల్ల పడితే ఒట్టు. వంగి చప్పట్టు, లేచి చప్పట్టు. కొన్ని వారాలల్ల ఎంత జోరు అందుకున్నరంటే, ఆ సుడిగాలికి హాస్టల్ల ఆరేసిన చున్నీలు చొప్పదండి దాక ఎగిరిపోయి పత్తి చేండ్ల మీద వాలినయట. చూడవచ్చిన వీసీ గారు నెత్తి మీది నాలుగు వెంట్రుకలను రెండు చేతులతోటి పట్టుకొని చూసిండు.

చూసి, మైకు దొరికిన ఆనందంల ఒక మాట గూడ అన్నడు. "ఒక్క గోల్. ఒక్కటంటే ఒక్కటి కొట్టుకొని రావాలె. కొట్టకుంట వస్తే ఈ టీం బంద్. ఈ కోర్టుల స్టాఫ్ కార్లకు షెడ్డు ఏపిస్త."

అందరు చప్పట్లు కొట్టిండ్రు. కెప్టెన్ కొట్టలే. ఆ రోజు సంది ఆ పిల్లకు తిండిల, నిద్రల ఒక్కటే ఫికర్, ఒక్క గోల్.

రామగుండంల రైలెక్కి, ఉత్తరాన కొండల నడుమ పోటీ పెట్టిన ఊరికి పోయినం. ఆ చలికి నా స్వెటరే ఇంకో స్వెటర్ కావాలన్నది. అసలు మంచును చూసి పిల్లలు నోరు తెరిచిండ్రు. మన మానేరు డ్యాంను ఎవరో ఇస్త్రీ చేసి పరిచినట్టున్నది. కెప్టెన్ వంగి అరచెయ్యి ఆనిచ్చి చూసి, "నిజంగనే ఉన్నది మేడం" అన్నది.

ఆటకు ముందు ప్రాక్టీసుకు ఇచ్చిన గంటల మావోళ్లు ఏం చేసిండ్రంటే, కిరాయికి తెచ్చిన మంచు బూట్లు కట్టుకొని, బతుకమ్మ ఆడిండ్రు. మస్తుగా ఆడిండ్రు. అవతలి టీం పిల్లలు ఫోన్లల్ల వీడియోలు తీసుకున్నరు. నడక కంటే ముందు జారుడు నేర్చిన పిల్లలు వాళ్లు.

విజిల్ మోగింది. బిళ్ల మా పిల్ల కట్టెకు దొరికింది. ఎడమకు రయ్యిన పోయింది. రెండో పిల్ల అందుకున్నది, ఆమె గూడ ఎడమకే. మూడో పిల్లా ఎడమకే. కాసేపటికి మా టీం మొత్తం ఎడమ మూలకు చేరి, పెండ్లిల బంతి కోసం నిలబడ్డట్టు నిలబడ్డది.

పీడీ సారు అరిచిండు. "కుడికి! కుడికి తిరుగుండ్రి!"

కెప్టెన్ అక్కడి నుంచే అరిచింది. "కుడికి మీరెప్పుడు నేర్పిండ్రు సార్?"

నాకు అప్పుడు అసలు కత ఎలిగింది. బతుకమ్మ చుట్టూ మావోళ్లు ఎప్పుడూ ఒక్క దిక్కుకే తిరుగుతరు. ఎదురు తిరిగితే అవ్వలు ఊకుంటరా? పిల్లలు చేసింది గూడ గదే. ఇన్ని నెలలు ఒక్కటంటే ఒక్కసారి గూడ కుడికి తిరగలే, ఆ సంగతి మాల ఒక్కరికి గూడ తట్టలే.

అవతలోళ్లు తెలివైనోళ్లు. సంగతి పసిగట్టి మా ఎడమకు అడ్డం నిలబడ్డరు. మిగతావాళ్లు కుడి దిక్కు నుంచి వచ్చి, చుట్టపు చూపుకు వచ్చినట్టు వచ్చి, గోల్ కొట్టి పోతుండ్రు. వాళ్ల గోల్స్ రాసేటాయన వేళ్లు కొంకర్లు పోయినయి. మా నస్పూర్ పిల్ల మాత్రం వడ్ల బస్తా తీరు అడ్డం పడుకుంట ఆపింది. ఆమె ఆపిన బిళ్లలు కుప్పవోస్తే ఎల్గందుల గుట్ట సిగ్గుపడుతది. "మేడం, ఇంకో నలుగురు కీపర్లుంటె పంపుండ్రి, వరుసగ పండుకుంటం!" అని కేక వేసింది.

ఆట ఆఖరికి వచ్చింది. బిళ్ల కెప్టెన్‌కు చిక్కింది. గోల్ ఆమెకు కుడి చెయ్యి దిక్కున, పిలిస్తే పలికేటంత దగ్గర. కుడికి తిరుగుడు ఆమెకు రాదు. అప్పుడా పిల్ల ఏం చేసిందంటే, కుడికి పోవడానికి ఎడమకు ముప్పావు చుట్టు తిరిగింది! వంగి, లేచి, పెదవులు కదులుతున్నయి, పాట అందుకున్నట్టుంది. అవతలోళ్లు ఇదేం దారి అని బిత్తరపోయి చూసిండ్రు. ఆ సందుల బిళ్లను కొట్టింది.

బిళ్ల గోల్ కడ్డీకి తగిలి, టంగుమని, బయటికి పోయింది.

ఆ చప్పుడును నేను ఎంత పెంచి చెప్పినా తక్కువే అయితది. కెప్టెన్ మంచు మీద కూలబడి లేవలే. నేను పోయి లేపబోయి, నేను గూడ పడ్డ. పక్కపక్కన కూసున్నం. "కడ్డీ జర గింత పక్కకుంటే ఏంబోతుండె మేడం?" అన్నది. నేను నా స్వెటర్ విప్పి ఆమెకు కప్పిన.

వాపస్ వచ్చేసరికి యూనివర్సిటీ గేటు కాడ అంబరాన్ని అంటే ఫ్లెక్సీ. "మంచుపై మన విజయ పతాక!" వీసీ గారి మొకం లారీ అంత, పిల్లల మొకాలు పొద్దుతిరుగుడు గింజలంత. మేం రైలెక్కిన నాడే ఆర్డర్ ఇచ్చిండట. ఓడిపోయినం సార్ అని పీడీ ఫోన్ల చెప్పబోతే, "ముందు రండి, మీటింగు పెట్టిన" అని కట్ చేసిండట.

దండలు, శాలువాలు, పేపరోళ్లు. వీసీ గారు మైకు కెప్టెన్ చేతికిచ్చి, "ఎన్ని గోల్స్ సాధించారో నీ నోటితో చెప్పమ్మా" అన్నడు.

"ఒక్కటి గూడ కొట్టలే సార్."

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాలిలనే ఆగినయి.

"మీరన్న మాట ప్రకారం టీం బంద్ చెయ్యుండ్రి. ముందుగాల గేటు కాడి ఫ్లెక్సీ తీపియ్యుండ్రి. అబద్ధం కింద మా మొకాలెందుకు?"

ఒక పేపరాయన పెన్ను తీసి, "సార్, టీం బంద్ చేస్తుండ్రా?" అన్నడు.

వీసీ గారు గేటు దిక్కు చూసిండు. టీంను తీసేస్తే ఆ ఫ్లెక్సీల తన మొకానికి పనేమున్నదో ఎంత ఆలోచించినా తట్టినట్టు లేదు. "బంద్ అని ఎవరన్నరు?" అన్నడు.

"మీరే అన్నరు సార్" అన్నది నస్పూర్ పిల్ల, వెనుక నుంచి. "మైకులనే అన్నరు."

"అది ప్రోత్సాహం కోసం అన్న మాట! టీం ఉంటది. షెడ్డు వేరే జాగల ఏస్తం." పేపరోళ్ల ముందు తొడుక్కున్న గ్రాంథికం ఎప్పుడు ఎగిరిపోయిందో ఆయనకే తెల్వది.

కెప్టెన్ మైకు వదలలే. "గీ మాట గూడ పేపర్ల రాస్తరా అన్నా?" అని పేపరాయనను అడిగింది. ఆయన రాసుకునే దాక నిలబడి, అప్పుడు దిగింది.

మర్నాడు వీసీ గారు నన్ను పిలిపిచ్చి తలుపు దగ్గరేసిండు.

"మేడం, ఇంకోసారి ఆ పిల్లను స్టేజీ ఎక్కించకుండ్రి."

"ఎక్కించను సార్. మరి వచ్చే ఏడు గోల్ కొడితే?"

ఆయన బల్ల మీది ఫ్లెక్సీ బిల్లును మడిచి సొరుగుల పెట్టిండు.

"గప్పుడు ఎక్కించుండ్రి" అన్నడు.