గ్లెనిస్ మిషను బరువు

నార్మన్ బ్లాక్‌షా చేతికి బుడగ చూసి మట్టం కొలిచే రసమట్టం చిక్కడం మా కాలువగట్టుకు పట్టిన శని. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాక, వట్టి ఇనపడొల్ల పడవ ఒకటి కొని, లోపలి ఇల్లంతా తానే కడతానన్నాడు. ఆరేళ్ళు కట్టాడు. పక్క పడవలో కాపురమున్న పాపానికి ఆ రంపం మోతకు నా చెవులకు తూట్లు పడ్డాయి.

కొన్న చెక్కంతా ఎడమవైపే పేర్చేవాడు. తరిగితే మళ్ళీ తెచ్చేవాడు. పడవ అటే ఒరిగి ఉండేది. ఆ ఒరిగిన పడవలో రసమట్టం పెట్టి, బుడగ సరిగ్గా నడిమికి వచ్చాకే అలమరాలూ బల్లా మంచమూ బిగించాడు.

"నీళ్ళమీద బుడగను నమ్ముతారటయ్యా? పడవ నేలను చూసి కొలుచుకో," అన్నాను.

"నీ పడవ నువ్వు చూసుకో తల్లీ."

చూసుకున్నాను.

భార్య గ్లెనిస్ అద్దె ఇంట్లో కర్టెన్లు కుడుతూ ఇద్దరినీ పోషించింది. పడవ పూర్తయింది, శనివారానికి ఆ ఇల్లు ఖాళీ చేసి ఇందులోకి రావాలి. ఆమె కోరింది ఒక్కటే, ఇనపకాళ్ళ కుట్టుమిషను.

"అంత బరువెక్కిస్తే పడవ ఒరిగిపోతుంది. అమ్మెయ్," అన్నాడు నార్మన్.

"అది రాకపోతే నేనూ రాను. స్టోక్‌లో మా అక్క దగ్గరుంటాను. నీ అలమరాలతో కాపురం చేసుకో."

శుక్రవారం మిగిలిన చెక్కంతా గట్టు మీదికి చేర్చాడు. ఆరేళ్ళకు పడవ నిటారుగా నిలబడింది, పాపం. లోపల బల్లలన్నీ కుడికి వాలాయి. పళ్ళేలు జారాయి. టీ కప్పు అతని ఒళ్ళోకే వచ్చింది. ఎడమవైపు బరువుకు అడుగున ఇటుకలు పేర్చుదామంటే, నేల చెక్కలను జిగురు పూసి మరీ బిగించేశాడు మహానుభావుడు.

శనివారం గ్లెనిస్ చిన్న పెట్టెతో వచ్చింది, వెళ్ళొస్తానని చెప్పడానికి.

"నీ మిషను ఎంత బరువుంటుంది?" అన్నాడు, ఆ పొద్దున కూడా టీ ఒలికి తడిసిన ప్యాంటుతో.

"ఎందుకు? కొనేవాళ్ళు అడిగారా?"

"ఎడమవైపు పెడితే, నీ కర్టెన్ గుడ్డల పెట్టెలు కూడా..."

"నీకు కావలసింది నేనా, బరువా?"

నార్మన్ మొహం కందగడ్డయింది. రసమట్టం పక్కన పెట్టాడు. ఆరేళ్ళలో అది అతని చెయ్యి వదలడం నేను చూడలేదు.

"నువ్వే. ఇదంతా నీకోసమే కట్టాను గ్లెనిస్. నువ్వు లేకుండా ఇందులో ఉండాలంటే భయంగా ఉంది."

నాకు కళ్ళు చెమర్చాయి, చెప్పుకోడానికి సిగ్గేస్తోంది.

నలుగురం మోసుకొచ్చి మిషను ఎడమవైపు దించాం, పక్కన గుడ్డల పెట్టెలు. పడవ ఆ వైపు కుంగింది. బల్లలు మట్టానికి వచ్చాయి, కప్పులో టీ కదలకుండా నిలిచింది.

ఇప్పుడు వాళ్ళకు మాటామాటా పెరిగితే గ్లెనిస్ లేచి మిషను మీద చెయ్యి వేస్తుంది. నార్మన్ వెళ్ళి టీ పెడతాడు.