రెండు లా-లు, ఒక ఆడ

వరదలక్ష్మి టీచరుకు ఫ్రెంచి పిచ్చి ఎలా పట్టిందని వాషర్‌మెన్‌పేట్‌లో ఎవరినడిగినా తలా ఒక కథ చెబుతారు. పాండిచ్చేరిలో మేనత్త ఉందని ఒకరు, పెళ్లిచూపులు తప్పించుకోవడానికి సాయంత్రం క్లాసుల్లో చేరిందని ఇంకొకరు. అన్నీ ఒట్టి మాటలే. ఆమెకు పదేళ్లప్పుడు తెలుగు క్లాసు మూతపడింది. ఏదో ఒక భాష వెంట పడకుండా ఆమెకు పొద్దు పోలేదు. అంతకు మించి ఏమీ లేదు.

ఇప్పుడామెకు యాభై ఏడు. పేటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై రెండేళ్లుగా ఫ్రెంచి చెబుతోంది. పెద్ద పిల్లలు మార్కుల కోసం వస్తారు, వాళ్ల సంగతి వదిలేయండి. ఆమె ప్రాణమంతా నాలుగో తరగతి మీదే. వారానికి రెండుసార్లు వాళ్లను కంప్యూటర్ గదికి తీసుకెళ్లి ఎక్సెల్ షీటు తెరిపిస్తుంది. ఎడమవైపు గడుల్లో ఫ్రెంచి మాటలుంటాయి. కుడివైపు ఖాళీ గడులు, వాటి పైన "మీ ఇంట్లో ఏమంటారు?" అని ప్రశ్న. పిల్లలు తమ ఇంటిమాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఒప్పయితే గడి పచ్చబడుతుంది, తప్పయితే ఎర్రబడుతుంది. తమిళ పిల్లల మాటలు, సౌకార్‌పేట నుంచి వచ్చే హిందీ పిల్లల మాటలు, ఉన్న ముగ్గురు తెలుగు పిల్లల మాటలు, అన్నీ ఒప్పు జవాబులుగా ఒక వరుసలో రాసి, ఆ వరుస కనబడకుండా దాచిపెట్టింది. పోయిన వేసవి సెలవులు మొత్తం దానికే చెల్లు.

నిజానికి ఈ గడుల పిచ్చి ఆమెది కాదు, సీతారామారావు మాస్టారిది. నలభై ఏడేళ్ల కిందట, ఈ పేటలోనే ఇంకో బడిలో, ఆయన నల్లబల్ల నిండా సుద్దముక్కతో గడులు గీసేవారు. ఒక గడిలో మాట రాస్తే పిల్లలు వెళ్లి పక్క గడిలో అర్థం రాయాలి. ఒప్పయితే చుట్టూ పచ్చ సుద్ద గీత, తప్పయితే ఎర్ర సుద్ద గీత. ఆ రంగు సుద్దలు ఆయన చొక్కా జేబులోనే ఉండేవి. ఆ జేబు మరకలకు ఆయన భార్య ఎంత సబ్బు ఖర్చు చేసిందో ఆ తల్లికే తెలియాలి. కిటికీలోంచి గంజి పెట్టిన బట్టల వాసన, లోపల సుద్ద వాసన. కంప్యూటర్ గది ఏసీలో కూర్చున్నా సరే, గడులు కనబడగానే వరదలక్ష్మి ముక్కుకు ఇప్పటికీ ఆ వాసనే తగులుతుంది. ఆ రోజులు ఎంత బాగుండేవో ఆమె చెబితే వినాలి.

అంత బాగున్న రోజుల్లోనే ఆ ఒక్క రోజూ ఉంది. తెలుగు పండితుడని పేరున్న ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చి, ముందు బల్లలో ఉన్న వరదలక్ష్మిని "రిజిస్టరు ఎక్కడుందమ్మా?" అని అడిగారు. ఆమె బీరువా వైపు చెయ్యి చూపి "ఆడుండాది సార్" అంది. ఇంట్లో అలాగే అంటారు మరి. ఆయన పకపకా నవ్వి, "ఇదేనా మీరు నేర్పే తెలుగు?" అని మాస్టారిని అడిగారు. మాస్టారు తల దించుకున్నారు. ఆ తర్వాతి జూన్‌లో బడి తెరిచేసరికి తెలుగు క్లాసు లేదు.

పదకొండు మంది పిల్లలతో క్లాసు నడవదని పెద్దవాళ్లకు తెలుసు. వరదలక్ష్మికి మాత్రం ఎవరూ చెప్పలేదు. తన నోటిమాట వల్లే క్లాసు పోయిందని అప్పుడు అనుకున్నది, ఎమ్మే పాసయ్యాక కూడా ఆమె మనసులోంచి పోలేదు.

ఈ ఏడాది స్కూలు కరస్పాండెంటు భాష్యంగారు కబురు పెట్టారు. నాలుగో తరగతి ఫ్రెంచి తీసేసి కోడింగ్ పెట్టాలని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారట. "శుక్రవారం నేనే వచ్చి క్లాసు చూస్తా టీచర్. చూసినాక మాట్లాడుకుందాం" అన్నారు. వరదలక్ష్మి ఆ వారమంతా షీటును తుడిచిందే తుడిచి, దిద్దిందే దిద్దింది.

శుక్రవారం భాష్యంగారు చేతులు వెనక్కి కట్టుకుని కంప్యూటర్ల మధ్య తిరిగారు. గడులు టకటకా పచ్చబడుతున్నాయి. ఆయన ముఖంలో కూడా మెప్పు కనబడుతోంది. అంతలో శరణ్య వెనక ఆగారు. శరణ్యది తెలుగు ఇల్లే గానీ బడిలో అంతా తమిళమే. తెలుగు తెలుసని కూడా ఎవరికీ చెప్పదు. ఆ రోజు ఏం తోచిందో, తలమీద గీత ఉన్న "లా" అనే ఫ్రెంచి మాట పక్కన "ఆడ" అని కొట్టింది. గడి ఎర్రబడింది.

"పాప కన్‌ఫ్యూజ్ అయినట్టుండాదే" అన్నారు భాష్యంగారు, పేట అలవాటుగా "కదా" బదులు తమిళ "దా" తగిలిస్తూ. "ఆడవాళ్లది గీత లేని లా దా? ఫ్రెంచిలో టేబుల్ కూడా ఆడదంట, దాని ముందర ఆ లా పెడతారంట, మా మనవరాలు శ్రేయ చెప్పింది." ఆయన నవ్వారు. పక్క పిల్లలూ నవ్వారు. శరణ్య కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

వరదలక్ష్మికి అప్పుడు తట్టింది. దాచిన వరుసలో తాను రాసింది "అక్కడ". ఇంట్లో ఇప్పటికీ "ఆడ" అంటూనే, షీటులో మాత్రం ఇన్‌స్పెక్టరుగారి మాట రాసి పెట్టింది.

"పాప కరెక్టుగా దా కొట్టింది సార్" అంది. "తప్పు నాది."

వంగి ఆ వరుస తెరిచి, "అక్కడ" పక్కన "ఆడ" చేర్చింది. శరణ్య గడి పచ్చబడింది. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి రెండు లా-లూ రాసింది.

"గీత లేకపోతే ఆడది. గీత ఉంటే ఆడ, అంటే దూరంగా ఉండే చోటు. మా ఇండ్లల్లో రెండిటికీ ఒకే మాట. ఆ గీత వేలు మాదిరి, ఆడ అని చూపిస్తా ఉండాది. ఏదీ, చూపించండి?"

ముప్పై వేళ్లు లేచాయి. ఫ్యాను లా, తలుపు లా, భాష్యంగారి బొజ్జ కూడా లా. ఆయన కడుపుబ్బ నవ్వి, "మా అమ్మ కూడా ఆడ, ఈడ అనే అంటాది టీచర్" అన్నారు.

అయినా సోమవారం ఆయన వరదలక్ష్మిని పిలిపించి, చూపు తిప్పుకుంటూనే చెప్పారు. ముప్పై ఇళ్లలో పందొమ్మిది కోడింగే కావాలని రాసిచ్చాయి. క్లాసు బాగుందనీ, తన చేతిలో లేదనీ అన్నారు. మంచి మనిషే, అబద్ధమాడలేదు.

వరదలక్ష్మికి ఏడుపు ముంచుకొచ్చింది. స్టాఫ్ రూముకు పోకుండా నేరుగా నాలుగో తరగతికి వెళ్లి, శరణ్యను బయటికి పిలిచి, ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"వచ్చే సంవత్సరం ఈ క్లాసు ఉండదు కన్నా. అది నువ్వు కొట్టిన మాట వల్ల కాదు. పందొమ్మిది ఇండ్లవాళ్లు వేరే క్లాసు అడిగినారు, అందుకు. తెలిసిందా? నీ వల్ల కాదు."

శరణ్య వింతగా చూసింది.

"నా వల్ల ఎందుకు అవుతాది మిస్? నా గడి పచ్చగా దా ఉండాది."