ఎడమ మడమ లేచేదాకా

సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ ఇంటి పెద్దకోడలు అత్తగారిని మంచం మీంచి లేపి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ పక్కనున్న కంప్యూటర్ ముందుకు తోసుకొచ్చేది. మోచేతి కింద మడతపెట్టిన తువ్వాలు, మౌసు మీద చెయ్యి, పక్కన టీ. ఆరేళ్లలో ఒక్క రోజు తప్పలేదు. ఇప్పుడూ నాలుగవుతుంది. టీ ఒక్క కప్పే కాస్తుంది, కంప్యూటర్ మీట తనే నొక్కుతుంది. కూర్చునేది మాత్రం కూరలు తరుక్కునే పాత ముక్కాలిపీట మీదే. అప్పుడూ ఆమె చోటు అదే.

అత్తగారికి నడుం కింద చచ్చుబడిన కొత్తలో చిన్నకొడుకు కంప్యూటర్‌లో ఒక ఆట తెచ్చి పెట్టాడు. అందులో గెలవడం, ఓడడం ఏమీ లేదు. ఒక పెద్ద తోట, పచ్చ టోపీ పెట్టుకున్న ఒక ఆడమనిషి. ఆవిడ నడుస్తుంది, తవ్వుతుంది, నాటుతుంది, అంతే. మొదటి వారం అత్తగారు మూతి ముడిచింది. రెండో వారం దాటాక ఆ తోట దగ్గర నుంచి ఆవిణ్ణి లేపడం ఎవరి తరమూ కాలేదు. ఎవరైనా చూడ్డానికి వస్తే తెర వైపు చెయ్యి చూపించి, నా కాళ్లు అవిగో అక్కడున్నాయి అనేది.

"దాని నడక చూడవే," అంది ఒకసారి. "నడుం నిలబెట్టి ఎంత దర్జాగా పోతుందో. నువ్వూ ఉన్నావు, ఎప్పుడు చూసినా గూని."

"దానికి అత్తగారు లేరు కదా అత్తయ్యా," అంది కోడలు, క్యారెట్ తరుగుతూ తల ఎత్తకుండానే.

అత్తగారు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకుంది. తుడిచింది మళ్లీ కోడలే అనుకోండి.

అత్తగారు పోయిన నెలకు కంప్యూటర్ తెర నల్లబడింది. మరిది వచ్చి చూసి, బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు కాలిపోయిందని తేల్చి, తన దగ్గరున్న వేరే కంపెనీ కార్డు తెచ్చి బిగించాడు. తెర వెలిగింది, తోట వచ్చింది. పచ్చ టోపీ ఆవిడ మాత్రం నడవడం మానేసింది. మోకాళ్లు వంగవు, ఎడమ మడమ నేల విడవదు. చేతులు కాసేపు బిగుసుకుపోయి, ఉన్నట్టుండి గబగబా ఊగుతాయి. మనిషి మాత్రం గట్టు వెంబడి జారుకుంటూ పోతూనే ఉంటుంది.

మరిదికి అందులో తప్పేమీ కనిపించలేదు. కదులుతోందిగా వదినా, ఇంకేం కావాలి అన్నాడు.

"కదలడం వేరు, నడవడం వేరు," అంది ఆమె. "ఆవిడ కూడా కుర్చీలో కూర్చుని పోతున్నట్టుంది."

మర్నాడు మరిది వచ్చి ఆ కార్డుకు సంబంధించిన డ్రైవరేదో ఎక్కించాడు. కుదరలేదు. దాని మీదే ఇంకొకటి ఎక్కించాడు, ఆ మీద మూడోది. ఈసారి టోపీ కూడా తల మీద నిలవకుండా అదరడం మొదలెట్టింది. చివరికి చేతులెత్తేసి, ఆదివారం పదకొండింటికి వచ్చి మొత్తం చెరిపేసి మొదటి నుంచి పెడతానన్నాడు. తోట మాటేమిటని ఆమె అడిగింది. పోతుందన్నాడు. ఆట సీడీ ఎప్పుడో పోయింది, తోట లోపల ఎక్కడ దాచి ఉందో తనకూ అంతుపట్టలేదు. ఆటేగా వదినా అని మెల్లగానే అన్నాడు. ఆమె పలకలేదు. ఆమె పలకలేదంటే వద్దని అర్థం అని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆమె బడి ఐదో తరగతితో ముగిసింది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం అత్తగారి మందుల అట్టలు చదివి చదివి పట్టుబడ్డాయి. పలకడం రాకపోయినా, రెండు అట్టల మీది పేర్లలో ఒక్క అక్షరం తేడా ఉన్నా చూపు అక్కడే ఆగేది. ఆరేళ్లలో ఒక్క మాత్ర తారుమారు కాలేదు. ఆ ధైర్యంతోనే శుక్రవారం కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి, పిల్లను ఎత్తుకున్నట్టు చంకనేసుకుని, రెండు వీధుల అవతలి రిపేరు షాపుకు నడిచింది.

షాపులో కాఫీ సీసాల మూతల నిండా స్క్రూలు, బల్ల కింద నోళ్లు తెరుచుకున్న పెట్టెలు. రెండు కళ్లజోళ్లు, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద పెట్టుకున్న పెద్దాయన అంతా విని, ఆయన కూడా చెరిపేయడమే మంచిదమ్మా అన్నాడు.

"ఇల్లు కడగమంటే ఇల్లు కూల్చమంటారేంటి అన్నయ్యా?"

కళ్లజోడాయన పగలబడి నవ్వాడు. నవ్వు ఆపుకుని పెట్టెకు వైర్లు తగిలించి కాసేపు చూశాడు. కార్డుకూ కంప్యూటర్‌కూ మధ్య మాట మోసే ప్రోగ్రామే డ్రైవరు అని చెప్పాడు. కాలిపోయిన కార్డు తాలూకు డ్రైవరును ఎవరూ తీయలేదు. దాని మీదే మూడు సార్లు కొత్తవి ఎక్కించారు. తలా ఒక మాట చెబుతుంటే పాపం ఆ బొమ్మ ఎవరి మాట వింటుంది?

ఆమెకు ఆ పాటి చాలు. నూనె డబ్బా అడుగున పాత మడ్డి ఉండగానే కొత్త నూనె పోస్తే ఏమవుతుందో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు.

చేతిలో ఉన్న పనులతో ఆయనకు బుధవారం దాకా ఖాళీ లేదు. అందుకని పాత డ్రైవర్లను ఆనవాలు లేకుండా తుడిచే ప్రోగ్రామూ, కొత్త డ్రైవరూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, దేని తర్వాత ఏది చేయాలో కాగితం మీద తెలుగులో రాసి, నొక్కాల్సిన ఇంగ్లీషు మాటలను పక్కన పెద్దపెద్దగా గీసిచ్చాడు.

కాగితంలో మొదటి మాట నెట్ వైరు పీకమని. తుడవడానికి వైరుతో పనేంటని శనివారం ఆమె ఆ మాట దాటేసింది. అక్కడే దెబ్బతింది. కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో, అంటే తప్పనిసరివి తప్ప ఇంకేవీ నడవని తీరులో పెట్టింది, తుడిచింది, మళ్లీ ఆన్ చేసింది. తను పెన్‌డ్రైవ్ తెరిచేలోపే కంప్యూటర్ నెట్‌లోంచి దానికి తోచిన డ్రైవరేదో తెచ్చేసుకుంది. ఆ మీద ఈమె తనది ఎక్కించింది. ఆట తెరిస్తే పచ్చ టోపీ ఆవిడ ఎప్పటిలాగే జారుకుంటూ పోయింది. తడి ఆరని గచ్చు మీద ఎవరో చెప్పులతో నడిచి వెళ్లినట్టు అనిపించింది ఆమెకు. కోపం ఎవరి మీద? కాగితాన్ని మొదటి నుంచి మళ్లీ చదివింది.

ఆదివారం టిఫిన్లు అయ్యాక, ముందుగా వైరు పీకి పక్కన పడేసింది. భర్త గుమ్మంలో నిలబడి, బాగు చేయబోయి పాడు చేస్తావేమో అన్నాడు.

"పాడైందే కదా," అంది. "ఇంకెంత చేస్తానులెండి."

మళ్లీ సేఫ్ మోడ్. తెర నాలుగు మూలలా ఆ రెండు మాటలే, బొమ్మలన్నీ ఉబ్బిపోయినట్టు పెద్దవైపోయాయి. నిన్న భయమేసింది, ఇవాళ వేయలేదు. కాగితంలో గీసిన మాటనూ తెర మీది మాటనూ అక్షరం అక్షరం పోల్చి నొక్కింది. పాతవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కంప్యూటర్ ఆగి మళ్లీ లేచింది. ఈసారి మధ్యలో ఎవరూ దూరలేదు. కొత్త డ్రైవరు ఎక్కడం మొదలుపెట్టగానే తెర ఒక్కసారి నల్లబడింది. సరిగ్గా అప్పుడే మరిది లోపలికొచ్చాడు.

"అయిపోయిందా వదినా?" అన్నాడు.

"కూర్చో. ఇంకా కాలేదు."

తెర వెలిగింది. కాగితం చివరి వరుసలో ఉన్నట్టు ఇంకోసారి ఆపి ఆన్ చేసింది. ఆట తెరిచింది. పచ్చ టోపీ ఆవిడ నీళ్ల క్యాను పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమె మౌసు కదిపింది. కుడి కాలు ముందుకు పడింది. ఎడమ మోకాలు వంగింది, మడమ లేచింది. నడుం నిలబెట్టి, చేతులు తీరిగ్గా ఊపుకుంటూ గట్టు వెంబడి నడిచింది.

మరిది కుర్చీ ముందుకు జరుపుకుని, అమ్మ నడక ఇలాగే ఉండేది వదినా, నాకు ఇప్పుడే గుర్తొచ్చింది అన్నాడు. చెరిపేసే మాట ఇంక ఎత్తలేదు. తెర దగ్గరికి వంగి, మొక్కల మీద వెలుగుతున్న నీలం చుక్కలు చూపించాడు.

"ఇవి నీళ్లడుగుతున్నాయి. సగం వరసకు పోసి, సగం వదిలేసినట్టున్నారు."

ఆమెకు తెలుసు. అత్తగారు ఆ చివరి సాయంత్రం ఏడు మొక్కలకు పోసి, చెయ్యి లాగుతోందే, మిగతావి రేపు చూద్దాం అంది.

"పోసెయ్ వదినా. నిమిషం పని."

ఆమె పని సగంలో వదలడం ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"ఉండనీ," అంది. పచ్చ టోపీ ఆవిడ చేత నీళ్ల క్యాను గట్టు మీద పెట్టించి, ఉత్త చేతులతో తోట ఆ చివరి దాకా నడిపించుకుంటూ వెళ్లింది.