మా ఇంటి చేపలు, నేను తీసే కరెంటు

రేపు కరెంటు పోతుందని తెలిస్తే మా ఇంట్లో ఈ రోజు సాయంత్రం నుంచే ఏర్పాట్లు మొదలవుతాయి. ముందుగా మా ఆవిడ అక్వేరియంలో చేపలకి మేత ఆపేస్తుంది. కడుపు నిండిన చేపకి గాలి ఎక్కువ కావాలి, పైగా అది విడిచిన మలినంతో నీళ్ళు పాడవుతాయి. డ్రమ్ములో పట్టి ఒక రోజు నిలవ ఉంచిన నీళ్ళతో తొట్టిలో పావు వంతు మారుస్తుంది. కుళాయి నీళ్ళు నేరుగా పోస్తే అందులోని క్లోరిన్‌కి చేపలు తట్టుకోలేవు. ఫ్రీజర్‌లో నాలుగు వాటర్ బాటిళ్ళు గడ్డ కట్టడానికి పెడుతుంది. సెల్స్‌తో నడిచే చిన్న గాలిపంపులు రెండు తీసి, ఒక్కొక్కదాని గొట్టం గ్లాసు నీళ్ళలో ముంచి బుడగలు వస్తున్నాయో లేదో చూస్తుంది.

మర్నాడు కరెంటు పోగానే మిగతా పని. తొట్టి మీద మూత తీసేస్తుంది. ఫిల్టర్‌లోని స్పాంజిని బయటికి లాగి తొట్టి నీళ్ళలోనే వేస్తుంది. అది ఆ డబ్బాలో కదలకుండా ఉండిపోతే నీళ్ళని శుభ్రం చేసే సూక్ష్మజీవులు అందులోనే చచ్చిపోతాయట. ఎండ ముదిరితే ఒక్కొక్క ఐసు బాటిల్ వదులుతుంది. అన్నిటికంటే చివర, గోడకి మేకు కొట్టి తగిలించిన ఇత్తడి చెంబు తీసి తొట్టి పక్కన స్టూలు మీద పెడుతుంది.

ఇదంతా చూసిన చుట్టాలు నవ్వుతారు. వాళ్ళు నవ్వేది చేపల్ని చూసి కాదు, నన్ను చూసి. నేను సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ని. మా ఊళ్ళో సగం ఇళ్ళకి కరెంటు తీసేదీ, ఇచ్చేదీ నేనే.

ఈ ఉద్యోగంలో పని తక్కువ, సమాధానాలు ఎక్కువ. కరెంటు పోయిన ఐదు నిమిషాలకి ఫోన్లు మొదలవుతాయి. ఎప్పుడొస్తుందండి, ఇంకెంతసేపండి, పక్క వీధికి ఉంది కదండి. నేను దాన్ని జేబులో పెట్టుకుని కూర్చున్నట్టు మాట్లాడతారు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. తర్వాత విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు రెండూ మానేసి "వస్తుందండి" అంటున్నాను. మా ఊరి వాళ్ళు కూడా తక్కువ వాళ్ళు కారు. పేపర్లో తొమ్మిది నుంచి రెండు దాకా అని వేస్తే, నాలుగు అని చదువుకుంటారు. రెండు అంటే రెండే అని నమ్మే ఇల్లు ఊరు మొత్తం మీద ఒక్కటే ఉండేది. అది మా ఇల్లు. మాకు ఆ సంగతి పేపరు చెప్పదు కదా, నేను చెబుతాను.

ఇన్వర్టర్ కూడా చాలా ఏళ్ళు కొననివ్వలేదు నేను. సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఇంట్లో ఇన్వర్టర్ పెట్టుకోవడం వంటవాడి ఇంటికి హోటల్ నుంచి క్యారేజీ తెప్పించుకోవడం లాంటిదని నా వాదన. అది వాదన కాదు, ఉత్త బడాయి.

చేపలు అప్పుడు ఐదు. గోల్డ్ ఫిష్. రాజమండ్రిలో కొన్నాం. గాలి నింపిన ప్లాస్టిక్ కవర్లో వేసి ఇస్తే, మా ఆవిడ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చింది. ఏడేళ్ళలో అరచెయ్యంత అయ్యాయి. వాటిలో ఒకదానికి తోక చివర చిరిగి ఉండేది. ఆవిడ అద్దం మీద వేలు ఆనిస్తే అది ఎక్కడున్నా అక్కడికి వచ్చేసేది. నేను ఆనిస్తే వచ్చేది కాదు. ఏడేళ్ళూ నా వేలిని అది లెక్కచెయ్యలేదు.

కరెంటు పోవడం వల్ల ఆ ఐదింటిలో ఒక్కటి కూడా చావకూడదని మా ఆవిడ పంతం. దానికి కారణం ఉంది. ఆవిడ పుట్టిల్లు రొయ్యల చెరువుల మధ్య. ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి. తెల్లారేసరికి రొయ్యలు గట్ల పొడుగునా పైకి తేలి ఉన్నాయి. మా మామగారు చొక్కాతోనే చెరువులో దిగి రెండు చేతులతో నీళ్ళు పైకి ఎగజిమ్మారట. రెండెకరాల చెరువులో, ఒక్క మనిషి. ఈ సంగతి ఆవిడ నాకు పెళ్ళైన పదేళ్ళకి ఒకసారి చెప్పింది. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

నేను చెప్పబోయే రోజు మూడేళ్ళ కిందటి మాట. మే నెల. కాలవ గట్టు వెంట లైనుకి తగులుతున్న కొమ్మలు కొట్టి, పాడైన ఇన్సులేటర్లు మార్చాలి. అలాంటి పనికి వెళ్ళే లైన్‌మన్ ముందు నా దగ్గర ఎల్.సి. తీసుకుంటాడు. అంటే, నేను ఆ లైను ఆపేసి, అతను తిరిగి వచ్చో ఫోన్ చేసో "నేను దిగాను, నా మనుషులు దిగారు" అని చెప్పేదాకా లైను ఇవ్వనని రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టడం. తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు. మా ఉద్యోగంలో మరిచిపోకూడనిది ఇదొక్కటే.

"రెండింటికల్లా అయిపోద్దండి," అన్నాడు లైన్‌మన్ పొద్దున్న తొమ్మిదింటికి సంతకం పెడుతూ. నేను అదే మాట ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. మా ఆవిడ సరిగ్గా ఐదు గంటలకి సరిపడా ఏర్పాటు చేసుకుంది. ఛార్జింగ్ పంపు ఒకటి, ఐసు బాటిల్ ఒకటి. అప్పటికి మా ఇంట్లో ఉన్నవీ అవే.

రెండయింది. లైన్‌మన్ రాలేదు. అతని ఫోన్ స్విచ్ ఆఫ్. ఊరి వాళ్ళ ఫోన్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. రెండున్నరకి మా ఆవిడ చేసింది. డ్యూటీలో ఉండగా ఆవిడ కరెంటు కోసం ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.

"పంపు ఆగిపోయిందండి. ఐదూ పైకొచ్చేసి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇంకా ఎంతసేపంటారు?"

"ఎల్.సి. తిరిగి రాలేదు."

"సరే," అని పెట్టేసింది. ఇరవై ఏళ్ళ కాపురం తర్వాత ఎల్.సి. అంటే ఏమిటో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు.

మూడింటికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. లైన్‌మన్‌తో వెళ్ళిన కూలీ.

"పనైపోయిందండి. లైనిచ్చెయ్యొచ్చండి."

"ఎల్.సి. తీసుకున్న మనిషికి ఫోన్ ఇవ్వు."

"ఆయన అవతలకెళ్ళారండి. ఆయన ఫోను కాలవలో పడిపోయిందండి. దిగిపోయారండి, నేను చూశానండి."

అతను అబద్ధం చెబుతున్నట్టు లేదు. లైను ఇచ్చే బ్రేకర్ నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. లేచాను కూడా. ఇచ్చెయ్యాలని గట్టిగా అనిపించింది. మామూలు రోజైతే ఆ కూలీ మాట నేను చెవిన కూడా పెట్టను. ఆ రోజు అది నమ్మదగినట్టు వినిపించింది. మా ఇంట్లో చేపలు నోళ్ళు తెరుస్తున్నాయి కాబట్టే అలా వినిపిస్తోందని తెలిసి నాకు నా మీదే భయం వేసింది. వెనక్కి వచ్చి కూర్చున్నాను.

ఇంతలో మా ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. వెనక నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, ఎత్తి పోస్తున్న చప్పుడు.

"మనుషులు దిగారా అండీ?"

"దిగారంటున్నారు. దిగిన మనిషి మాత్రం చెప్పలేదు."

"అయితే ఇవ్వకండి," అంది. "నేను పోస్తున్నాను."

నాలుగు దాటాక లైన్‌మన్ ఎవరిదో బండి మీద వచ్చాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. లైను ఇచ్చెయ్యమని ఎవరితోనైనా చెప్పావా అని అడిగితే లేదన్నాడు. మూడింటికి ఎక్కడున్నావని అడిగాను.

"లాకుల దగ్గర స్తంభం మీదున్నానండి. దిగేశాక లైన్లని కలిపే జంపరు తీగొకటి వదులుగా కనపడిందండి. ఎందుకొచ్చిన గొడవని మళ్ళీ ఎక్కానండి."

కొమ్మలు కొట్టిన చోటుకీ లాకులకీ మధ్య కాలవ మలుపు తిరుగుతుంది. కూలీకి ఆ రెండోసారి ఎక్కడం కనిపించలేదు. అతను చూసింది నిజమే, దిగడం వరకూ. నేను రిజిస్టర్‌లో టైము వేసి లైన్‌మన్ చేత సంతకం పెట్టించి లైను ఇచ్చాను. కూలీ ఫోన్ చేసిన సంగతి అతనికి చెప్పలేదు. చెప్పినా ఏం చేసుకుంటాడు?

ఇంటికి వెళ్ళేసరికి ఆరు. ఫిల్టర్ మామూలుగా తిరుగుతోంది. తొట్టిలో మూడు చేపలు అడుగున కదలకుండా ఉన్నాయి. రెండు సింకు గట్టు మీద పళ్ళెంలో ఉన్నాయి. చిరిగిన తోకది వాటిలో ఉంది. మా ఆవిడ స్టూలు మీద కూర్చుని ఎడమ చేత్తో కుడి భుజం నొక్కుకుంటోంది. గంటన్నర పైనే చెంబుతో నీళ్ళు ముంచి, ఎత్తి పోసిందట. భుజం పట్టేస్తే చెయ్యి మార్చి పోసిందట.

"మూడింటికి మనిషి స్తంభం మీదే ఉన్నాడు," అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. "మంచి పని చేశారు," అని, అప్పుడు ఏడ్చింది.

నాకూ బాధేసింది. నన్ను ఏడేళ్ళు లెక్కచెయ్యని చేప కోసం ఇంత బాధ పడతానని అనుకోలేదు. లైను ఆపి కూర్చున్నందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. పొద్దున్న ఇంటికి ఫోన్ చేసి రెండు గంటలు అని చెప్పినందుకు ఉంది. అది నాకు తెలిసిన సంగతి కాదు. ఇంకొకడి అంచనాని నా మాటగా చెప్పాను. ఆవిడ నా మాట నమ్మి ఒక్క పంపుతో ఊరుకుంది.

ఆ వారమే ఇన్వర్టర్ తెచ్చాను. ఆవిడ వద్దనలేదు, అలాగని దాన్ని నమ్మనూ లేదు. సెల్స్ పంపులు రెండూ తనే వెళ్ళి కొనుక్కుంది. చెంబుకి మేకు నా చేత కొట్టించింది.

పది రోజుల తర్వాత లైన్‌మన్ తాటిముంజెలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అత్తారి చెట్లవట. కూర్చుని అక్వేరియం వంక చూశాడు.

"ఐదుండేవి కదండీ అమ్మగారూ. మూడే ఉన్నాయేంటండీ?"

"ఎండలకండి," అని మా ఆవిడ కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను పేపరు తిరగేశాను.

అతను కాఫీ తాగి లేచాడు. ఆవిడ గుమ్మం దాకా వచ్చింది.

"రేపు మళ్ళీ లాకుల దగ్గర పనంట కదా?"

"ఆయ్, మిగిలిన కొమ్మలేనండి. పన్నెండింటికల్లా అయిపోద్దండి."

"ఎప్పటికవుతుందో చెప్పకండి బాబూ," అంది ఆవిడ. "దిగాక చెప్పండి, చాలు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు అతను, ఎందుకన్నదో తెలియకుండానే. అతను బండి తీసేలోపే ఆవిడ లోపలికి వెళ్ళి నీళ్ళ డ్రమ్ము మూత తీస్తోంది.